ఏడో గడిలో సున్నా వేయరాదు

నష్ట నిర్ధారణ కార్యాలయం ఆవరణలో ఆకాశం నుండి ఒక రాయి పడింది. పడినది సోమవారం ఉదయం తొమ్మిదింపావుకు. అధికారికంగా మాత్రం అది నలభై మూడో రోజు మధ్యాహ్నం పడింది. ఈ మధ్యలో రాయి ఎక్కడుందని అడగవలసిన పనిలేదు. ఆఫీసులకు వెళ్ళివచ్చిన పాఠకులకు తెలిసిన సంగతే: ఫైలు మీద సంతకం పడనంతవరకు రాయి గాలిలోనే ఉన్నట్టు లెక్క.

ఆ కార్యాలయం చేసే పని గొప్పది. ఇల్లు కూలిందని ఇంటివాడు చెబితే చాలదు, కార్యాలయం చెప్పాలి. అది ఒప్పుకోనంతవరకు ఆ ఇల్లు నిటారుగా నిలబడే ఉంటుంది, ఇంటివాడు అందులో హాయిగా కాపురం చేస్తూనే ఉంటాడు. అందుకని గోడ కూలినవాళ్ళు, పాక కాలినవాళ్ళు, పొలం కొట్టుకుపోయినవాళ్ళు రోజూ ఎనిమిది గంటలకే వచ్చి కూర్చునేవారు. ఉద్యోగులు పదకొండుకు వచ్చేవారు. ఆ మూడు గంటలూ జనం కూర్చోవడానికి ఆవరణలో బల్లలు లేవు, పైకప్పు లేదు, పంకా అసలే లేదు. ఏడు చెట్లు ఉన్నాయి. ఆ ఆఫీసుకు వెళ్ళినవాళ్ళకు అడగకుండా దొరికేది ఆ నీడ ఒక్కటే.

ఆ చెట్లకు నీళ్ళు పోసే ఆమె ఆఫీసులో అందరికీ వదిన. బంట్రోతు ఆమెకు సొంత మరిది. అతను వదినా అని పిలవడం విని గుమాస్తాలు పిలిచారు. గుమాస్తాలను విని, ఆమెకంటే ఆరేళ్ళు పెద్దవాడైన అధికారీ అలాగే పిలిచాడు. అందరికీ వదినే గాని, ఆ అన్న ఎవరో ఇప్పుడు బంట్రోతుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ ఏడు చెట్లూ నాటినవాడు అన్న. పంతొమ్మిదేళ్ళు నీళ్ళు పోసి, ఒకరోజు బిందె దించకుండానే పోయాడు. అతని చోట ఆమెను రోజుకూలి మీద పెట్టుకున్నారు. చెట్లున్నంతవరకు పని ఉంటుందని అధికారి అప్పుడే దయతో చెప్పాడు.

రాయి పడేటప్పటికి వదిన నాలుగో చెట్టు దగ్గర వంగి బక్కెట్టు ఒంపుతోంది. పైన గట్టి గుడ్డ చింపినట్టు చప్పుడైంది. మోచేయంత లావు కొమ్మ విరిగి పక్కన పడింది. దాని వెనకే ఏదో నేలకు తగిలి జానెడు గొయ్యి చేసుకుని కూర్చుంది. రెండు గుప్పిళ్ళంత రాయి. పైనంతా మాడిన గిన్నె అడుగులా నలుపు. ఒక మూల పెచ్చు ఊడి లోపలి బూడిదరంగు కనిపిస్తోంది. పొయ్యి దగ్గర బతుకు గడిపిన మనిషి కాబట్టి వదిన ముందు అరచేయి దూరంగా పెట్టి చూసింది. తర్వాత వేలికొన తగిలించింది. తర్వాత రెండు చేతులా పైకి తీసింది. చల్లగా ఉంది. గొయ్యిలో ఎండుటాకులు నలిగాయి తప్ప ఒక్కటీ కమరలేదు.

నీళ్ళ డ్రమ్ము మూత గాలికి ఎగిరిపోతోందని ఆమె పది రోజులుగా సరైన బరువు కోసం వెతుకుతోంది. రాయిని మూత మీద పెట్టి, మిగిలిన మూడు చెట్లకూ నీళ్ళు పోసింది.

పదకొండుకు అధికారి రాగానే జనం సంగతి చెప్పారు. ఆయన ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ధ్రువీకరించినవి గోడలు, పాకలు, ఒక బావి. పదవీ విరమణకు ఏడాది ఉంది. డ్రమ్ము ముందు నిలబడి, టోపీ ఉన్నట్టయితే తీసి ఉండేవాడే, చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. విశాల విశ్వంలో ఎన్నో చోట్లుండగా ఈ రాయి మన ఆఫీసును ఎంచుకోవడం మన పనితీరుకు నిదర్శనమనీ, దీన్ని ధ్రువీకరిస్తే మన కార్యాలయానికి ప్రత్యేక హోదా వస్తుందనీ అన్నాడు. గోడ కూలినవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొడితే తమ ఫైలు కదులుతుందేమోనని వాళ్ళ ఆశ.

ఇబ్బంది ఒక్కటే. ఆ ఆఫీసులో పిడుగుకు ఫారం ఉంది, వడగళ్ళకు ఉంది, వరదకు ఉంది. ఆకాశం నుండి పడే రాళ్ళకు లేదు. ఫారాల తయారీలో పెద్ద గుమాస్తాను మించినవాడు లేడు. ఆయన పిడుగు ఫారం తీసి, 'పిడుగు' అన్న మాట మీద ఒక గీత గీసి, పైన 'ఉల్క' అని రాసి, నకళ్ళు తీయించాడు. రెండూ పైనుంచి వచ్చేవే కాబట్టి మిగతా ఫారం ముట్టుకోనక్కర్లేదని ఆయన ఉద్దేశం. ఆ మిగతాలో ఏడో గడి ఉంది: కాలిన చెట్ల సంఖ్య. దాని కింద చిన్న అక్షరాల్లో: సున్నా వేయరాదు. పూర్వం పిడుగు పడకుండానే పడిందని రాసిన ఘనులను పట్టుకోవడానికి పెట్టిన నిబంధన అది. చెట్టు కాలందే పిడుగు లేదు. కాబట్టి ఇప్పుడు చెట్టు కాలందే ఉల్క లేదు.

విచారణకు వదినను పిలిచారు.

"రాయి ఎంత వేడిగా ఉందో చెప్పు వదినా" అన్నాడు పెద్ద గుమాస్తా కలం పట్టుకుని.

"వేడి లేదండి. చల్లగా ఉంది."

"అంటే చెయ్యి కాలిపోయి స్పర్శ తెలియలేదన్నమాట."

"చెయ్యి బాగానే ఉందండి" అని అరచేయి చూపించింది.

ఆయన ఆ అరచేతిని శ్రద్ధగా పరిశీలించి, 'సాక్షి ఇంకను భయము నుండి తేరుకొనలేదు' అని రాసుకున్నాడు.

తర్వాత కాలేజీ నుంచి రాళ్ళ మేష్టారిని పిలిపించారు. ఆయన రాయిని చూసి చిన్నపిల్లాడిలా సంబరపడి, అందరికంటే ముందు వదిన దగ్గరికే వచ్చి అడిగాడు. చల్లగా ఉందని చెబితే తల ఊపి, "అలాగే ఉండాలమ్మా. నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి" అన్నాడు. సరి అన్న మాట ఆ ఆవరణలో ఆమె మొదటిసారి విన్నది.

ఆయన అధికారికి వివరంగా చెప్పాడు. పైన గాలిలో దూసుకొచ్చేటప్పుడు రాయి పైపొర కరుగుతుందట. కరిగింది కరిగినట్టే ఊడి కొట్టుకుపోతుందట. ఆ మంట కొన్ని క్షణాలే. లోపలంతా అంతరిక్షపు చలే ఉంటుంది. ఆ తర్వాత గాలి దాని వేగాన్ని పట్టి ఆపేస్తే, చివరికి మేడ మీంచి జారిన ఇటుకలా మామూలుగా వచ్చి పడుతుంది. దాని దెబ్బకు కొమ్మ విరగవచ్చు, ఆకు కూడా కమరదు.

"అయితే చెట్లు కాలనే కాలవా?" అన్నాడు అధికారి దిగాలుగా.

మేష్టారు సగం నిజం చెప్పి ఊరుకునే మనిషి కాడు. "కొండంతది పడితే చెట్లు కాలుతాయి. పెద్దది ఆకాశంలోనే పేలినా ఆ వేడికి అడవికి అడవి కమిలిపోవచ్చు. అంతది ఇక్కడ పడ్డ రోజున మీరూ ఉండరు, నేనూ ఉండను, ఈ ఫారమూ ఉండదు" అన్నాడు.

ఆయన నాలుగు పేజీల నివేదిక ఇచ్చాడు. ఫైలు మందం కాకూడదని పెద్ద గుమాస్తా దాన్ని ఒక్క వాక్యానికి కుదించాడు: 'నిపుణుని అభిప్రాయములో చెట్లు కాలును.' ఆ మాట నివేదికలో నిజంగానే ఉంది. పెద్ద గుమాస్తా అబద్ధం రాసే మనిషి కాదు.

ఇక సందేహానికి తావులేదు. రాయి సక్రమంగా ఉంది. శాస్త్రం సక్రమంగా ఉంది. ఫారం సక్రమంగా ఉంది. తప్పు చెట్లది. చెట్లకు తాఖీదు ఇచ్చే నిబంధన లేదు కాబట్టి వదినకు ఇచ్చారు.

ఆమె మూడేళ్ళ క్రితమే పెద్దవాళ్ళ బడిలో అక్షరాలు దిద్దుకుంది. ఒక్కో అక్షరం మీదా కాలు మోపి నిలదొక్కుకుని తర్వాతి దానికి వెళుతుంది. ఆ చదువులో ఒక లోపం ఉంది: మధ్యలో ఏ మాటా వదిలిపెట్టడం కుదరదు. తాఖీదులో ఇలా ఉంది: 'ఆకాశము నుండి అగ్నిశిల పడిన సందర్భమున పక్కనే ఉన్న ఏడు చెట్లు కాలకపోవుటకు, సదరు సమయమున మీరు వాటికి నీరు పోయుచుండుటయే కారణమని ప్రాథమికముగా తేలినది. సాక్ష్యమును తడిపినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు రోజులలో తెలుపవలెను.'

ఆమె మరిది దగ్గర ఒక కాగితం తీసుకుని గుండ్రటి అక్షరాలతో జవాబు రాసింది: 'అయ్యా, నన్ను చెట్లకు నీళ్ళు పోయడానికి పెట్టుకున్నారు. పోశాను. ఆ రోజు రాయి పడుతుందని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.'

ఆ కాగితం ఆరు బల్లల మీద ఆరు రోజులు తిరిగింది. అడిగిన ప్రశ్నకు సమాధానం ఉన్న జవాబు ఆ ఆఫీసుకు రావడం అదే మొదటిసారి కాబట్టి, దాన్ని ఏ ఫైలులో పెట్టాలో ఎవరికీ తోచలేదు.

చివరకు అధికారి మధ్యేమార్గం కనిపెట్టాడు. ప్రకృతి తన పని తాను చేసుకునేందుకు వీలుగా నీళ్ళు ఆపమన్నాడు. డ్రమ్మును లోపల పెట్టి తాళం వేశారు. మూత మీది రాయి అధికారి గదిలోకి వెళ్ళింది. చెట్లు ఎండితే అవి కాలినట్టు చెప్పుకోవడానికి ఆధారం దొరుకుతుందని పెద్ద గుమాస్తా ఊహ. వదిన ఖాళీ బక్కెట్టుతో చెట్ల మధ్య నిలబడేది, అంతే. పాక కాలిన ముసలాయన సీసాలో మిగిలిన నీళ్ళు చెట్టు మొదట్లో ఒంపాడు. గోడ కూలినామె బిడ్డ కాళ్ళు అక్కడే కడిగింది. చేతులు కడుక్కునేవాళ్ళు వరసగా ఒక్కో చెట్టునూ వంతు పెట్టుకున్నారు. మూడు వారాలకు చెట్లు ఏడూ కొత్త చిగుళ్ళు వేశాయి. దీన్ని అధికారి స్పష్టమైన ధిక్కారంగా తీసుకున్నాడు.

ఇంతలో పైఅధికారి రాక ఖాయమైంది. నలభై మూడో రోజు ఆయన స్వయంగా వచ్చి ఫారం మీద సంతకం చేస్తారు. నలభై ఒకటో రోజున లోపల సమావేశం జరిగింది. బయటికి వచ్చిన ఆదేశం ఇది: 'ఉల్క అసంపూర్ణముగా వదిలిన కార్యమును కార్యాలయ సిబ్బంది పూర్తి చేయుట.' సిబ్బంది అంటే బంట్రోతు. అతని చేతికి మూడు డబ్బాల కిరసనాయిలు ఇచ్చారు.

అతను నడవా చివర వదిన దగ్గరికి వచ్చి డబ్బాలు కింద పెట్టాడు.

"నా మీద కోపం పెట్టుకోకు వదినా. ఆర్డరొచ్చింది."

"ఎన్ని?"

"ఏడూ."

"మీ అన్న నాటినవయ్యా అవి."

"నాకు తెలీదా? గోతులు తీసింది నేనే" అన్నాడు అతను, గోడ వైపు తిరిగి.

వదిన కాసేపు డబ్బాల వైపు చూసింది. చెట్లు పోతే పని పోతుంది. అది ఆమె సంగతి. రేపు ఎనిమిదింటికి వచ్చేవాళ్ళు ఎండలో మూడు గంటలు ఎక్కడ కూర్చుంటారన్నది ఎవరి సంగతీ కాదు, అందుకే ఏ ఫారంలోనూ దానికి గడి లేదు. ఆమె కొంగు సర్దుకుని, చేతిలో బక్కెట్టు లేకుండా మొదటిసారి అధికారి గదిలోకి వెళ్ళి, ఆ ఫారం ఒకసారి చూపించమని అడిగింది.

పెద్ద గుమాస్తాకు తన ఫారం అడిగినవాళ్ళంటే మమకారం. తీసి ఇచ్చాడు. ఆమె నిలబడే, వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టింది. అధికారి గడియారం రెండుసార్లు చూశాడు. ఆ ఫారం మొదటి నుంచి చివరి దాకా ఎవరైనా చదవడం అదే మొదలు కాబట్టి గదిలో వాళ్ళందరూ వినక తప్పలేదు.

"ఇక్కడ గీత కింద పిడుగు అని ఉందండి. ఇది పిడుగు కాగితం కదండీ?"

"ఒకప్పుడు" అన్నాడు పెద్ద గుమాస్తా.

ఆమె ఏడో గడి దగ్గరికి వచ్చి, చిన్న అక్షరాలను రెండుసార్లు చదివింది. "సున్నా వేయరాదు అని ఉందండి. ఒకటి వేయరాదని లేదు."

ఫారంలో లేనిదాన్ని ఉందనడం ఆ ఆఫీసు సంప్రదాయం కాదు. అధికారి, ఏడైతే నిండుగా ఉంటుందన్నాడు. వదిన ఒకటే అంది. పోనీ నాలుగన్నాడు. ఒకటే అంది. కూరగాయల బేరంలో ఆరితేరిన మనిషి ముందు ఆయనకు పాలుపోలేదు.

"అది కాదు వదినా, అంత దూరం నుంచి వచ్చిన రాయి ఒక్క చెట్టుతో సరిపెట్టుకుంటే మన ఆఫీసు పరువేం కావాలి?"

"గడి చిన్నదండి. ఒకటైతే చక్కగా ఇముడుతుంది."

పెద్ద గుమాస్తా గడిని కొలబద్దతో కొలిచి, ఆమె మాట నిజమేనన్నాడు. సరే, ఏ చెట్టో నువ్వే చెప్పమన్నారు.

అది ఆమె ఆలోచించుకుని రాలేదు. మొదటి చెట్టు కింద గోడ కూలినవాళ్ళు కూర్చుంటారు. రెండో దాని కింద పిల్లల తల్లులు. ముసలివాళ్ళు ఆనుకునేందుకు వీలుగా వంగినది ఆరోది. ఏడోది గేటు దగ్గర, నడవలేనివాళ్ళకు. నాలుగో చెట్టు కింద మాత్రం ఎవరూ కూర్చోరు. అక్కడ వదిన బక్కెట్లు, అన్నం గిన్నె, మధ్యాహ్నం ఒక గంటసేపు వదిన వీపు ఉంటాయి. కొమ్మ కూడా దానిదే విరిగింది.

"నాలుగోదండి" అంది.

మర్నాడు భోజన విరామంలో పని మొదలైంది. పచ్చి చెట్టు తగలబడటానికి ఒప్పుకోలేదు. మొదటి డబ్బాకు పొగ వచ్చింది. రెండో డబ్బాకు చిగుళ్ళు ముడుచుకున్నాయి. మూడో డబ్బాకు కాండం నల్లబడింది. ఉల్క ఒక్క క్షణంలో చేసి ఉండవలసిన పనికి బంట్రోతుకు మూడు గంటలు పట్టింది. అతని కళ్ళ వెంట నీళ్ళు కారడం పొగ వల్లనేనని సిబ్బంది నమోదు చేశారు. మంట పక్క చెట్టుకు అంటకుండా వదిన నిండు బక్కెట్లతో నిలబడింది. ఆ రోజు నీళ్ళు పోయడానికి ఆమెకు రాతపూర్వక అనుమతి ఇచ్చారు.

నలభై మూడో రోజున ఉల్క అధికారికంగా పడింది. రాయిని అద్దాల పెట్టెలో పెట్టి, 'అగ్నిశిల. వేడి. ముట్టరాదు' అని అట్ట తగిలించారు. దాన్ని చూసినవాళ్ళు తక్కువ. జనమంతా కాలిన చెట్టు చుట్టూ మూగి, బొగ్గుముక్కలు గిల్లి కాగితాల్లో పొట్లం కట్టుకున్నారు. రాళ్ళ మేష్టారు వచ్చి, బెరడు గీకి, వేళ్ళు వాసన చూసుకుని, నోరు తెరవబోయాడు. ఆయనను సగౌరవంగా వేదిక మీద మొదటి వరసలో కూర్చోబెట్టారు. మొదటి వరసలోవాళ్ళు మాట్లాడకూడదు.

పైఅధికారి మాట్లాడాడు. "ఈ వృక్షం శాస్త్రం కోసం ఆత్మాహుతి చేసుకుంది. మిగిలిన ఆరు వృక్షాలు ఎందుకు వెనకబడ్డాయో మనమందరం ఆత్మపరిశీలన చేసుకోవాలి" అన్నాడు. ఎండ మండుతోంది కాబట్టి ఆ మాటలు అంటున్నప్పుడు ఆయనా, వింటున్నప్పుడు జనమూ ఆ ఆరు చెట్ల కిందే ఉన్నారు.

ఆఫీసుకు ప్రత్యేక హోదా వచ్చింది. అధికారి పేరుతో పెద్ద బోర్డు వచ్చింది. ఉల్క ఫారం ఆదర్శ ఫారంగా మిగతా ఆఫీసులకూ వెళ్ళింది. వదిన తాఖీదు మీద 'ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను' అని రాసి మూసేశారు. గోడ కూలినవాళ్ళ ఫైళ్ళు ఉత్సవం హడావుడిలో వెనక్కు వెళ్ళాయి. వాళ్ళ గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి.

జ్ఞాపికల కోసం నల్లటి మోడును కూడా కోసుకుపోయాక, వదిన ఒక మొక్క తెచ్చి ఆ పక్కనే గొయ్యి తవ్వింది. గునపానికి ఏదో తగిలింది. గుప్పిట్లో పట్టే పెచ్చు. ఒక వైపు నలుపు, విరిగిన వైపు బూడిదరంగు. ఆ సోమవారం రాయి నుంచి ఊడిన మూల అదే. దాని అడుగున ఒక ఆకు అతుక్కుని ఉంది. సగం చివికింది. చివికింది తప్ప కమరలేదు.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మేష్టారి చేతికిస్తే ఆయన మళ్ళీ నాలుగు పేజీలు రాస్తాడు. పెద్ద గుమాస్తా దాన్ని ఒక్క వాక్యం చేస్తాడు. ఇది రెండో రాయి అవుతుంది. రెండో రాయికి రెండో ఫారం, ఆ ఫారంలో ఏడో గడి. ఆమె తలెత్తి చెట్లను లెక్కపెట్టింది. ఆరు. పెచ్చును ఆకుతో సహా గొయ్యి అడుగున పెట్టి, మొక్క నిలబెట్టి, మట్టి కప్పి, నీళ్ళు పోసింది. రికార్డుల ప్రకారం ఆ ఆవరణలో ఆ తర్వాత ఆకాశం నుండి ఏమీ పడలేదు.

జనం మాత్రం ఇప్పటికీ వస్తున్నారు. మొన్న మధ్యాహ్నం ఒక పెద్దమనిషి కుటుంబంతో వచ్చి, చెట్టు కాలింది ఇక్కడేనా అని అడిగాడు. ఇక్కడేనంది వదిన. ఆయన వంగి నేల మీద అరచేయి పెట్టి చటుక్కున తీసేసుకున్నాడు.

"చూశావా, ఇంకా వేడి పోలేదు" అని భార్యను పిలిచాడు. ఆమె పెట్టి చూసి, అవునంది. పిల్లలు పెట్టారు. వెనకవాళ్ళు వరస కట్టి ఒక్కొక్కరే పెట్టారు. అందరికీ కాలింది.

"ఆ పక్క చెట్టు కింద కూడా పెట్టి చూడండయ్యా" అంది వదిన.

ఎవరూ పెట్టలేదు. అక్కడ కాలిందేమీ లేదు కదా.

నమ్మకం లేకపోతే మీరూ రావచ్చు. ప్రవేశం ఉచితం. మిట్టమధ్యాహ్నం వస్తే మంచిది. నీడ పోయిన చోటు కాబట్టి నేల చెయ్యి పెట్టలేనంత కాలుతూ ఉంటుంది. బయటికి వెళ్ళే దారిలో రిజిస్టరు ఉంది. ఉల్క వేడిని స్వయంగా గమనించితిని అన్న మాటకు ఎదురుగా మీ సంతకానికి ఒక గడి ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో, ఖాళీగా వదలరాదు అని ఉంటుంది. ఇంతవరకు ఎవరూ వదల్లేదు.